నాలుగో నంబరు ప్రార్థన

వ్యానులో ఉన్న మనుషులు తొమ్మిది మంది. వస్తువులు: బీపీ మిషన్లు రెండు, డోలక్ ఒకటి, పాటల పుస్తకాలు ముప్ఫై, బియ్యం సంచి ఒకటి, పెద్ద వంటగిన్నెలు మూడు, చాపలు పన్నెండు, దోమతెరలు ఆరు (మనుషులు తొమ్మిది, దోమతెరలు ఆరు, ఈ తేడా ఎవరి పొరపాటో చివరిదాకా తేలలేదు), ఇంకా అట్టకు క్లిప్పు పెట్టి బిగించిన నా నూట యాభై ఫారాలు. ఆ రోజుల్లో ఏ ప్రయాణానికి బయలుదేరినా ముందు ఇలాంటి జాబితా రాసుకునేవాణ్ని. ఇప్పటికీ రాస్తాను గానీ, ఆ రోజుల్లో జాబితాలో ఉన్నదే లోకమనీ, అందులో లేనిది లోకంలోనే లేదనీ నమ్మేవాణ్ని. మెకానికల్ ఇంజనీరింగ్ అప్పుడే పూర్తయింది, ఉద్యోగం ఇంకా రాలేదు. ఆ వయసులో మనిషికి దేవుడి మీద ఉన్న విశ్వాసం కన్నా తన తెలివి మీద ఉన్న విశ్వాసం రెండు మూడు పాళ్లు ఎక్కువే ఉంటుంది.

మాది నిజామాబాద్‌లో కంఠేశ్వర్ దగ్గరున్న చిన్న చర్చి. ఏటా ఒకసారి మాలాంటి యువకుల జట్టు ఏదో ఒక ఊరికి వెళ్లి, అక్కడున్న నాలుగైదు క్రైస్తవ కుటుంబాలతో ఐదు రోజులు ఉండి, ఇంటింటికీ తిరిగి బీపీ చూసి, ఎవరైనా కోరితే వాళ్ల కోసం ప్రార్థన చేసి రావడం ఆనవాయితీ. ఆ ఏడు మార్చిలో వెళ్లింది బోధన్ అవతల, చెరకు తోటల మధ్య ఉన్న ఊరు. జట్టుకు పెద్ద మా పాస్టరయ్య. ఆయన పాస్టరు కాకముందు బస్సు కండక్టరు. ఉద్యోగం మానేసి పదిహేనేళ్లయినా, వాక్యం చెబుతున్నప్పుడు కూడా ఆ గొంతులో "ముందుకు జరగండి" అనే ధ్వని పోలేదు. వ్యాను ఎక్కే ముందు ఆయన మాకిచ్చిన శిక్షణ మొత్తం మూడు వాక్యాలు. "ముందుగాల వినుండ్రి. తర్వాత ప్రార్థన చెయ్యుండ్రి. వినబుద్ధి కాకపోతే వ్యాన్ల కూసోండ్రి." ఇంత పెద్ద కార్యక్రమానికి ఇంత తక్కువ శిక్షణా అని నాకు ఆయన మీద జాలి వేసింది. ఆ లోటు పూడ్చే బాధ్యత నా మీద పడిందనుకున్నాను (ఎవరూ వేయలేదు).

నా ఫారం సంగతి చెప్పాలి. పేరు, ఇంటి నంబరు, ఆ కింద 'ప్రార్థన అవసరం' అని ఆరు గడులు. ఒకటి ఆరోగ్యం, రెండు చదువు, మూడు ఉద్యోగం, నాలుగు వ్యవసాయం, ఐదు కుటుంబ సమాధానం, ఆరు ఇతరములు. ఒక్కో గడికి ఒక్కో ప్రార్థన ముందే రాసి కంఠతా పట్టాను. ఇంటికి ఆరు నిమిషాలు: పలకరింపు ఒకటి, అవసరం తెలుసుకోవడం రెండు, ప్రార్థన రెండు, పక్కింటికి నడక ఒకటి. ఆరు ప్రార్థనల్లో నాకు బాగా నచ్చింది నాలుగో నంబరు. అది నా సొంతం కాదు. అంతకుముందు ఏడాది జూన్‌లో మా జట్టు వానల్లేక ఎండుతున్న ఏర్గట్ల వైపు వెళ్లినప్పుడు ఒక అన్న చేసిన ప్రార్థన. విన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారట. నేను దాన్ని ఉన్నదున్నట్టు దించుకున్నాను.

మొదటి రెండు రోజుల్లో నలభై ఒక్క ఇళ్లు పూర్తి చేశాను. కంఠేశ్వర్‌లో ఒక క్లినిక్‌లో నర్సుగా పనిచేసే అక్క (మేమంతా బీపీ అక్క అనేవాళ్లం) ఆ రెండు రోజుల్లో చూసింది ఏడిళ్లు. ప్రతి ఇంట్లోనూ కూర్చుంటుంది, వాళ్ల కోడలి కాన్పు దాకా వింటుంది, చిక్కుడుకాయలు ఒలిచిపెట్టి వస్తుంది. రెండో రోజు సాయంత్రం ఆమెకు నా పట్టిక చూపించి, వేగం ఎలా పెంచుకోవచ్చో వినయంగానే వివరించాను. అక్క అంతా విని అంది కదా, "తమ్మీ, నేను బీపీ జూస్తున్న. నువ్వు కరెంటు మీటర్ రీడింగ్ తీస్తున్నవ్." అందరూ నవ్వారు. అసూయ అనుకుని క్షమించాను.

మూడో రోజు పొద్దున నలభై రెండో ఇల్లు. ముందు పెద్ద వాకిలి. వాకిలి నిండా ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఆ చివర నుంచి ఈ చివర దాకా పరిచి ఉన్నాయి. చూడలేదని అనను. పొడవు పన్నెండు మీటర్లు, వెడల్పు ఏడు ఉంటుందని మనసులో లెక్క కూడా కట్టాను. ఎందుకు పరిచారన్నది మాత్రం ఆలోచించలేదు (నిజామాబాద్‌లో పుట్టి పెరిగి, ఏటా ఆ కాలంలో పసుపు ఘాటుకు మార్కెట్ రోడ్డంతా తుమ్ముకుంటూ నడిచినవాడికి ఇది క్షమించరాని నేరం). వాకిలికి కుడివైపు ఛాతీ ఎత్తు గోడ. గోడ నీడలో గోనెసంచి మీద కూర్చుని ఒక అవ్వ పసుపును చేత్తో తిరగేస్తోంది.

"ప్రార్థనంటే ఏంది బిడ్డా, మొక్కుడా?" అని అడిగింది.

"మొక్కుడే అవ్వా. నీకేం కావాల్నో చెప్తే నేను దేవునికి చెప్త."

"దేవుడు వింటడా?"

"వింటడు."

"నువ్వు వింటవా?"

నేను వాచీ చూసుకుని, "వింట అవ్వా, చెప్పు" అన్నాను.

అవ్వ తీరిగ్గా మొదలుపెట్టింది. "నాకు పదమూడేండ్లప్పుడు లగ్గమైంది…" నేను మళ్లీ వాచీ చూసుకున్నాను. పదమూడో ఏట మొదలైతే ఇప్పటికి ఎప్పుడు చేరాలి? అత్తగారు, ఎడ్లు, బావి, ఒక కరువు, ఒక పెద్ద వాన. అన్నీ వరసగా వచ్చాయి. రెండో నిమిషం దగ్గరపడుతుండగా అవ్వ గోడ వైపు గడ్డం చూపించి గొంతు తగ్గించింది. "గా గోడవుతల ఉన్నది మా యారాలు." (యారాలంటే మా వైపు తోటికోడలు.) "ఇద్దరం ఒక్క ఇంట్లకే కోడండ్లమై అచ్చినం. ఒక్క గిన్నెల తిన్నం. గిప్పుడు నాలుగేండ్లాయె బిడ్డా…"

అక్కడ సమయం అయిపోయింది. నేను అవ్వను చూశాను, వాకిలిని చూశాను. రైతు కుటుంబం. ఇందులో సందేహం ఏముంది? నాలుగో గడిలో టిక్కు పెట్టి, "సమజైంది అవ్వా, కండ్లు మూస్కో" అన్నాను.

ఆ ప్రార్థన నా జీవితంలో చేసిన వాటిలో అతి గొప్పది. గొంతు ఎక్కడ పెంచాలో అక్కడ పెంచాను, ఎక్కడ వణకాలో అక్కడ వణికాను. "ప్రభువా, ఈ ఎండిన నేలను చూడుము. ఈ తల్లి ఎదురుచూపును చూడుము. నల్లని మేఘములను రప్పించుము. ఈ వాకిలి తడిసి ముద్దగునట్లు సమృద్ధియైన వర్షమును కుమ్మరించుము. ఆలస్యము చేయకుము. నేడే కుమ్మరించుము!" ('ఈ వాకిలి' అన్నది, 'నేడే' అన్నది అసలు ప్రార్థనలో లేవు. ఆవేశంలో నేను కలిపినవి.) ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి అవ్వ నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది. ఆమె వెనక, దారికి అవతల బెల్లం బట్టీ నడిపే చాచా, ఏదో పనికి వచ్చినవాడు, చేతిలో చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

అవ్వ అడిగింది. "పిలగా, ఎవ్వలి మీద పగ వట్టి అచ్చినవ్?"

నాకు అర్థం కాలేదు. చాచా అర్థమయ్యేలా చెప్పాడు. "అరె సాబ్, ఉడుకవెట్టిన పసుపు ఇంకో ఎనిమిది దినాలు ఎండాలె. వాన వడితే నల్లవడుతది, బూజు వడుతది, గొడ్లు గూడ ముట్టవు. గీ అవ్వకు ఏడాది పంటంతా గిదే. నా బట్టీ కాడ చెరకు పిప్పి మొత్తం ఎండవోసిన్న. అది తడిస్తే మంట దేనితోటి వెట్టాలె? నువ్వు గా దువాల వాన అడుగుతవా?"

"పరవాలేదు చాచా, మార్చిలో వానెక్కడిది?" అని నవ్వేసి, ఈ ఒక్క ఇంటికే పదకొండు నిమిషాలు అయిపోయాయన్న బెంగతో నలభై మూడో ఇంటికి నడిచాను.

మధ్యాహ్నం రెండు దాటాక మంజీర వైపు నుంచి మబ్బు లేచింది.

మొదట చెరకు తోటల పైన సన్నటి గీతలా ఉంది. మేము అన్నాలు తిని చేతులు కడుక్కునేసరికి సగం ఆకాశం. మేము దిగిన ఆ ఊరి చర్చి వరండా ముందుకు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. అందరికన్నా ముందు చాచా. వెనక చెరకు ట్రాక్టర్ల వాళ్లు. వాన పడితే బండి పొలంలో దిగబడుతుందని వాళ్ల బాధ. మహారాష్ట్ర నుంచి వచ్చిన చెరకు కోత ముఠా మేస్త్రీ నన్ను చూపించి మరాఠీలో ఏదో అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నేను ఎందరిని అడిగినా అదేమిటో చెప్పలేదు.

"సాబ్," అన్నాడు చాచా, చాలా మర్యాదగా, "జర గా దువా వాపస్ తీస్కోరాదు?"

నాకు అది సమంజసంగానే తోచింది. లోపలికి పరుగెత్తి పాస్టరయ్య ముందు నిలబడి జరిగింది చెప్పి, "అయ్యా, రద్దు చేయడానికి ఏదైనా పద్ధతి ఉందా? ఇంకో ప్రార్థన చేస్తే మొదటిది కొట్టుకుపోతుందా?" అని అడిగాను. నవ్వులాటకు కాదు. ఆ పన్నెండు మీటర్ల పొడవు, ఏడు మీటర్ల వెడల్పు కళ్ల ముందు నల్లబడిపోతున్నాయి.

పాస్టరయ్య చెప్పులు వెతుక్కుంటూనే అన్నాడు. "అర్జీ వెట్టి వాపస్ తీస్కోనికి ఇదేమన్న తాసీల్ ఆఫీసా? నీ నోటికి వాన అచ్చేదుంటే, పోయిన జూన్ల ఏర్గట్లకు నిన్నే తోల్కపోదుము గదరా. మబ్బు సంగతి ఆయన జూస్కుంటడు. ఆమె గోస గూడ ఆయన ఎప్పుడో విన్నడు. విననిది నువ్వొక్కనివే. నడువ్, గంప వట్టు."

మేము వాకిలి చేరేసరికి గాలి మొదలైంది. తొమ్మిది మందీ గంపలతో, పారలతో పసుపును మధ్యకు లాగి కుప్ప చేస్తున్నాం. సగం ఎండినదాన్ని సంచుల్లో నింపితే చెమ్మ పట్టి చెడిపోతుందట. కుప్పపోసి కప్పడం ఒక్కటే దారి. కప్పడానికి అవ్వ దగ్గర ఉన్నవి రెండు చిన్న పట్టాలు, వాటిలో ఒకటి ఎలుకలు కొట్టినది. అంత కుప్పను కప్పగల పెద్ద తాటిపత్రి (టార్పాలిన్) ఆ వాడకట్టులో ఒక్కటే ఉంది. నీలం రంగుది, గోడకు అవతలి వాకిట్లో, మడత పెట్టి బల్ల మీద కనిపిస్తూనే ఉంది. ఆ పక్కనే, నడుం మీద చేతులు పెట్టుకుని ఒక సన్నటి ముసలామె ఆకాశాన్ని చూస్తూ నిలబడింది. ఆమె పసుపు అప్పటికే ఎండి మార్కెట్‌కు పోయిందట.

"అవ్వా, అడుగరాదు?" అంది బీపీ అక్క.

"దాన్నా?" అవ్వ గంప కింద పడేసింది. "పసుపు వోతే వోనియ్. నేను నోరిడిచి అడుగ."

"గీ తమ్మిని తోలుదామా?"

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. దూరాన ఉరిమింది. "తోలు," అంది చివరికి. "గని నేను అడిగిన్నని చెప్పొద్దు. మబ్బు అడుగుతుందని చెప్పు."

నేను గోడ దగ్గరికి వెళ్లాను. ఇటు అవ్వ నాలుగడుగుల దూరంలో, అటు యారాలు నాలుగడుగుల దూరంలో. మధ్యలో నేను. ఒకరి మాట ఒకరికి వినపడదని వాళ్లిద్దరూ నాలుగేళ్ల కింద నిర్ణయించుకున్నారు కాబట్టి వినపడదు.

"అవ్వా, మీ తాటిపత్రి ఒక్క గంట ఇస్తారా?" అన్నాను అటు తిరిగి.

"ఎవ్వలడుగుతున్నరు?"

"మబ్బు."

"మబ్బుకు నోరున్నదా? మంచిదే. గీ వాకిట్ల మనుషులకైతే నాలుగేండ్ల సంది నోరు లేదు. పసుపు ఉడుకవెట్టే కడాయి వంతు ఒక్కపారి ముందటికి జరిపితె మనిషినే ఇడిసిపెట్టిరి. పొయ్యి చెప్పు గా మాట!"

నేను ఇటు తిరిగాను. ఉన్నదున్నట్టు చెబితే గొడవ ముదురుతుందనిపించింది. చదువుకున్నవాణ్ని కదా, సారాంశం తీశాను. "అవ్వా, ఇస్తారట. పాత విషయాలు మరిచిపోయి మీరు ఒక మంచిమాట అడిగితే ఆమె సంతోషిస్తారట."

"గట్లన్నదా?" అని ఇటు నుంచి అవ్వ.

"నేను గట్లన్ననా?" అని అటు నుంచి యారాలు.

రెండూ ఒకేసారి. "నాకు చెవులున్నయ్ పిలగా," అంది అవ్వ. "ఆమె అన్నది ఒకటి, నువ్వు చెప్పేది ఒకటి. పొద్దుగాల దేవునికి గూడ గిట్లనే చెప్పి అచ్చినవ్."

"అవ్ మల్ల!" యారాలు గోడ మీదికి వంగింది. "నేను ఈడికెల్లి అంతా విన్న గదా. నువ్వు జెప్పింది నా ముచ్చట, వీడు మొక్కింది వాన ముచ్చట. కండ్లు మూస్కొని ఒకటే ఒర్లుడు. మా బర్రె గూడ బెదిరింది."

"నేనింక అసలు మాటకు రానేలే. చెయ్యి అడ్డం వెట్టి కండ్లు మూస్కోమన్నడు."

"గడియారం జూసుడు జూసినవా? నాలుగు మాట్ల జూసిండు."

"ఐదు."

"ఇంజనీరట."

"ఎవ్వలిచ్చిన్రో సర్టిఫికెట్."

ఈ సంభాషణలో తప్పొప్పులు దిద్దుదామని నోరు తెరిచాను. వెనకనుంచి బీపీ అక్క నా చొక్కా పట్టుకుని లాగింది. అప్పుడు అర్థమైంది, వాకిలంతా నిశ్శబ్దంగా ఉందని. పారలు ఆగిపోయాయి. మా వెనకే వచ్చిన చాచా గంప కింద పెట్టాడు. వాళ్లిద్దరికీ కూడా అదే క్షణంలో తెలిసినట్టుంది, తాము మాట్లాడుకుంటున్నామని. అవ్వ ముఖం కాస్త పక్కకు తిప్పుకుంది. యారాలు కొంగు సర్దుకుంది. ఎవరో ఒకరు ఇంకో మాట అనాలి. ఆ రోజు నాకు తెలిసిన ఆరు ప్రార్థనల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. పేరు లేని ప్రార్థన ఒకటి, నోరు కదపకుండా, మొదటిసారి చేశాను. అందులో మాటలు కూడా లేవు.

మొదటి చినుకు నా చేతి మీద పడింది.

"ఏం జూస్తున్నవే గుడ్లప్పగిచ్చి!" యారాలు ఒక్క కేక పెట్టింది. నాలుగేళ్ల తర్వాత, తెలిసి తెలిసి నేరుగా అన్న మొదటి మాట అది. నీలం తాటిపత్రి గోడ మీదుగా వచ్చి అవ్వ మీద పడింది. దాని వెనకే, డెబ్బై ఏళ్ల యారాలు, చీర ఎగ్గట్టి, గోడెక్కి దూకింది (చుట్టూ తిరిగి వస్తే ఇరవై అడుగుల దూరంలో గేటు ఉంది). "మూల గట్టిగ వట్టు ముసలిదానా, గాలికి లేస్తది!"

"నువ్వు వట్టు ముందుగాల! ఎప్పుడైన సక్కగ వట్టినవా?"

వాన ఇరవై నిమిషాలు పడింది. గాలికి పత్రి లేవకుండా రెండు మూలల మీద ఇద్దరు ముసలమ్మలు, మూడో మూల మీద రాయి, రాయి దొరకని నాలుగో మూల మీద నేను కూర్చున్నాం. ఫారాలు ఎక్కడో తడుస్తున్నాయి. వాచీలో నీళ్లు చేరాయి. లేవడానికి వీల్లేదు, రాయడానికి వీల్లేదు. అక్కడే, నెత్తి మీద గోనెసంచి కప్పుకుని, అవ్వ పదమూడో ఏట లగ్గంతో మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి పక్కనుంచి యారాలు సవరణలు చేస్తూ వచ్చింది. వాన వెలిశాక కూడా కథ వెలవలేదు. చాయ్ వచ్చింది, కథ సాగింది. ఇద్దరూ కలిసి పసుపు ఉడకబెట్టిన రోజులు, వాడకట్టు మొత్తానికి ఉన్న ఒకే కడాయి, నాలుగేళ్ల కింద యారాలు చెప్పకుండా తన వంతు ముందుకు జరుపుకోవడం, ఆ రోజు ఆమె కొడుకు ఆసుపత్రిలో ఉండటం, ఆ సంగతి అవ్వకు ఎవరూ చెప్పకపోవడం, తెలిసేసరికి చాలా ఆలస్యమై ఎవరు ముందు మాట్లాడాలన్నది మిగిలిపోవడం. "గందుకే పొద్దుగాల నీకు చెప్పబోయిన," అంది అవ్వ. "దాని నోట్లకెల్లి ఒక్క మాట అచ్చేటట్టు మొక్కుమని. తిట్టైనా మంచిదేనని."

పసుపులో ఒక గంపెడు తడిసింది. మిగతాది నిలిచింది. చాచా పిప్పి మాత్రం పైపైన తడిసి రెండు రోజులు బట్టీ ఆగింది. అందుకు పరిహారంగా నేను ఆ రెండు రోజులూ పిప్పి తిరగేశాను. మిగతా ఇళ్లకు వెళ్లలేదు. ఆదివారం మా చర్చిలో నివేదిక చదవమన్నప్పుడు లేచి నిలబడి, నలభై రెండో ఇంట్లో తప్ప ఏ ఇంట్లో ఎవరేం చెప్పారో నాకు తెలియదని చెప్పి కూర్చున్నాను. పాస్టరయ్య కళ్లద్దాలు తుడుచుకుంటూ, "దిగేటోళ్లు దిగిన్రు, ఇగ పోనీయ్" అన్నాడు. పొగడ్తో తిట్టో ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో, పట్టికలు గీసినందుకే నాకు జీతం ఇస్తున్నారు. ప్రార్థన ఇంకా పూర్తిగా చేతకాలేదు. ఎవరైనా తమ బాధ చెప్పుకుంటుంటే సగంలోనే నాలుక మీదికి వచ్చేసే ఆ చురుకైన కుర్రాణ్ని, "ఆగరా నాయనా" అని లోపల కూర్చోబెట్టడానికే సగం ప్రార్థన అయిపోతుంది. వాడి మీద నాకు కోపం లేదు. అంత నమ్మకంగా, అంత గట్టిగా, అంత తప్పుగా మళ్లీ ఎప్పుడైనా అడగగలనా అని అప్పుడప్పుడు వాడంటే కొంచెం ఈర్ష్య కూడా కలుగుతుంది.

పోయిన ఆదివారం అవ్వ ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టి, ఇద్దరూ కలిసి. యారాలు మనవడికి వేలు తెగిందని అవ్వ మొదలుపెడితే, తెగింది వేలు కాదు, గోరని యారాలు. ప్రార్థన చెయ్యమన్నారు. ఎందుకు చెయ్యాలో మాత్రం ఇద్దరికీ కుదరలేదు. నేను మధ్యలో రెండుసార్లు నోరు తెరిచాను. "నువ్వాగు పిలగా" అన్నారు, ఇద్దరూ ఒకేసారి. ఆగాను. వాళ్లు పెట్టేశాక ఫోన్ తెర మీద చూశాను. నలభై ఏడు నిమిషాలు.